లాకర్‌బీ: శిక్ష ఒక మనిషికి, బాధ్యత ఒక దేశానికి

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

ఉగ్రవాద దాడి వెనుక పరాయి ప్రభుత్వం చెయ్యి ఉందా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 2008 నవంబరులో ముంబయి మీద జరిగిన దాడి తరువాత ఆ ప్రశ్నను మనం ఎన్నిసార్లు వేసుకున్నామో మీకు తెలుసు. అయితే సొంత గాయం గురించి మాట్లాడేటప్పుడు కోపం ముందు నడుస్తుంది, సాక్ష్యం వెనకబడుతుంది. అందుకే ఈ రోజు కావాలనే మనకు దూరంగా జరిగిన ఒక కేసును ఎంచుకున్నాను. ఒక ప్రభుత్వం దోషి అని తేల్చడానికి న్యాయస్థానం దగ్గర ఏ పనిముట్లు ఉన్నాయో, అవి ఎక్కడ చాలకుండా పోతాయో లాకర్‌బీ కేసులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

1988 డిసెంబరు 21 సాయంత్రం లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ బయలుదేరిన పాన్ యామ్ 103 విమానం, గాలిలోకి లేచిన 38 నిమిషాలకు, స్కాట్లాండ్ దక్షిణాన లాకర్‌బీ అనే చిన్న పట్టణం మీద పేలిపోయింది. విమానంలో ఉన్న 259 మంది, కింద ఇళ్లలో ఉన్న 11 మంది మరణించారు. చనిపోయినవారిలో 190 మంది అమెరికన్లు. వారిలో క్రిస్మస్‌కు ఇళ్లకు వెళ్తున్న సిరక్యూస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 35 మంది. శకలాలు రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా చెదిరిపడ్డాయి. పోలీసులు, సైనికులు, స్వచ్ఛంద సేవకులు పొలాలూ అడవులూ కాలినడకన గాలించి వాటిని ఏరారు. తరువాతి కథంతా ఆ ఏరివేతలో దొరికిన చిన్న చిన్న వస్తువుల మీదే నిలబడింది.

బాంబును తోషిబా రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో సెమ్‌టెక్స్ పేలుడు పదార్థంతో అమర్చి, దాన్ని గోధుమరంగు శాంసొనైట్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టారని నిపుణులు తేల్చారు. ఆ బట్టలు మాల్టా దేశంలో స్లీమా అనే ఊళ్లోని ఒక దుకాణంలో కొన్నవని తెలిసింది. కాలిన ఒక చొక్కా మెడపట్టీలో ఇరుక్కున్న, గోరంత సర్క్యూట్ బోర్డు ముక్క దర్యాప్తునే మలుపు తిప్పింది. అది జ్యూరిక్‌లోని మెబో అనే కంపెనీ తయారుచేసిన ఎంఎస్‌టి-13 టైమర్‌లోదని 1990 జూన్‌లో గుర్తించారు. ఆ కంపెనీ అలాంటి టైమర్లను లిబియాకు అమ్మింది. అబ్దెల్‌బాసెత్ అల్ మెగ్రాహి అనే లిబియా గూఢచార అధికారికి అదే కంపెనీతో వ్యాపార సంబంధాలు ఉన్నాయి. ఆయన అంతకుముందు లిబియన్ అరబ్ ఎయిర్‌లైన్స్‌లో భద్రతా విభాగాధిపతిగా పనిచేశారు.

కానీ మొదటి అనుమానం లిబియా మీద కాదు, ఇరాన్ మీద. దానికి తగిన కారణమే ఉంది. లాకర్‌బీకి దాదాపు ఆరు నెలల ముందు, 1988 జూలై 3న, అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ పర్షియన్ గల్ఫ్ మీదుగా పోతున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని కూల్చివేసింది. 290 మంది ప్రయాణికులు, సిబ్బంది చనిపోయారు. వారిలో పదిమంది భారతీయులని మన పత్రికలు కూడా త్వరలోనే మరచిపోయాయి. ఆ అక్టోబరులో పశ్చిమ జర్మనీ పోలీసులు సిరియా రాజధాని డమాస్కస్ కేంద్రంగా పనిచేసే ఒక పాలస్తీనా సంస్థ రహస్య స్థావరాల మీద దాడిచేసినప్పుడు, తోషిబా రేడియోలో అమర్చిన బాంబు ఒకటి దొరికింది. ఇరాన్ పగ తీర్చుకోవడానికి ఆ సంస్థను వాడుకుందన్న వాదన అక్కడ పుట్టింది, ఈనాటికీ చావలేదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక అమెరికాకు సిరియా మద్దతు, ఇరాన్ మౌనం అవసరమయ్యాయని, అందుకే దర్యాప్తును లిబియా వైపు తిప్పారని చాలామంది అంటారు. ఈ మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. టైమర్ ముక్కను గుర్తించింది జూన్‌లో. కువైట్ ఆక్రమణ ఆగస్టులో. రాజకీయ అవసరం దర్యాప్తు వేగాన్ని పెంచి ఉండవచ్చు గాని, దిశ అప్పటికే మారింది.

1991 నవంబరులో అమెరికా, స్కాట్లాండ్ అధికారులు మెగ్రాహి మీద, లామిన్ ఖలీఫా ఫిమా అనే మరో లిబియన్ మీద నేరాభియోగాలు ప్రకటించారు. నిందితులను అప్పగించడానికి లిబియా నిరాకరించింది. పౌరవిమానాల భద్రతకు సంబంధించిన 1971 నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం వారిని తానే విచారించవచ్చని వాదిస్తూ 1992 మార్చిలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ నెలలోనే భద్రతా మండలి 748వ తీర్మానంతో లిబియా మీద విమాన, ఆయుధ ఆంక్షలు విధించింది. ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. విచారణ మొదలుకాకముందే ఒక దేశానికి ఆంక్షల రూపంలో భారం పడింది. హేగ్‌లో నలిగిన ఆ దావాను చివరికి 2003లో ఉభయపక్షాలూ ఉపసంహరించుకున్నాయి.

సుదీర్ఘ బేరసారాల తరువాత 2000 మే 3న నెదర్లాండ్స్‌లోని క్యాంప్ జైస్ట్ అనే పాత సైనిక స్థావరంలో, స్కాట్లాండ్ చట్టం కింద, జ్యూరీ లేకుండా, ముగ్గురు న్యాయమూర్తుల ముందు విచారణ మొదలైంది. 2001 జనవరి 31న తీర్పు వచ్చింది. మెగ్రాహి దోషి, ఫిమా నిర్దోషి. కుట్ర ఆలోచన, ప్రణాళిక, అమలు మూడూ లిబియావేనని న్యాయమూర్తులు రాశారు. అదే తీర్పులో మరోచోట, బాంబున్న సూట్‌కేసు మాల్టా విమానంలోకి ఎలా ఎక్కిందో ప్రాసిక్యూషన్ వివరించలేకపోవడం పెద్ద ఇబ్బందేనని కూడా ఒప్పుకున్నారు. అది మాల్టా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు, అక్కడి నుంచి హీత్రోకు, మనిషి తోడు లేకుండా ప్రయాణించిందన్నది ప్రాసిక్యూషన్ కథనం. మాల్టాలో దాన్ని ఎక్కించడానికి సాయపడ్డాడన్న ఆరోపణ ఎదుర్కొన్న ఫిమాయే నిర్దోషిగా బయటికి వచ్చాక, మిగిలిన గొలుసు ఎంత బిగువుగా ఉందన్న సందేహం సహజంగానే పుడుతుంది. ఐక్యరాజ్యసమితి తరఫున విచారణను పరిశీలించిన హాన్స్ కోక్లర్ తీర్పును బహిరంగంగానే తప్పుబట్టారు.

ఇప్పుడు అసలు న్యాయపరమైన చిక్కులోకి వద్దాం. నేరవిచారణ మనిషిని విచారిస్తుంది, ప్రభుత్వాన్ని కాదు. 2001లో అంతర్జాతీయ న్యాయ కమిషన్ ఖరారుచేసిన సూత్రాల ప్రకారం, ప్రభుత్వ అంగంగా పనిచేసే అధికారి అధికార హోదాలో చేసిన పని ఆ ప్రభుత్వం చేసిన పనే అవుతుంది. పైవారి ఆజ్ఞను వేరుగా రుజువు చేయనక్కరలేదు. గూఢచార సంస్థ నిస్సందేహంగా ప్రభుత్వ అంగమే. కాబట్టి మెగ్రాహి దోషి అయితే లిబియా బాధ్యత దాదాపు దానంతట అదే వచ్చిపడుతుంది. ఇది సౌకర్యంగానే కనిపిస్తుంది గాని, ఒక దేశపు బాధ్యతంతా, బట్టలు కొన్నవాడు మెగ్రాహిలా ఉన్నాడన్న మాల్టా దుకాణదారుడి జ్ఞాపకం మీద, అతను చొక్కాలు అమ్మిన తేదీ మీద ఆధారపడే పరిస్థితి కూడా దీనివల్లే వచ్చింది.

ఆ ఆధారం తరువాత కదిలింది. తప్పుడు తీర్పులను పరిశీలించే స్కాట్లాండ్ కమిషన్ 2007 జూన్‌లో ఆరు కారణాల మీద కేసును తిరిగి అప్పీలు కోర్టుకు పంపింది. బట్టలు డిసెంబరు 7నే కొన్నారనడానికి సరైన ఆధారం లేదనీ, గుర్తింపు పరేడ్‌కు కొద్ది రోజుల ముందే ఆ దుకాణదారుడు ఒక పత్రికలో మెగ్రాహి ఫొటో చూశాడనీ అది తేల్చింది. సాక్ష్యాలను పోలీసులు సృష్టించారన్న ఆరోపణలను మాత్రం అదే కమిషన్ తోసిపుచ్చిందన్న సంగతిని మెగ్రాహి సమర్థకులు తరచు దాటవేస్తారు. క్యాన్సర్‌తో బాధపడుతున్న మెగ్రాహి 2009 ఆగస్టులో అప్పీలును ఉపసంహరించుకున్నారు. కొద్ది రోజులకే మానవతా కారణాలతో ఆయన్ను విడుదల చేశారు. 2012 మేలో ట్రిపోలీలో మరణించారు. కుటుంబం కొనసాగించిన అప్పీలును ఎడిన్‌బరో హైకోర్టు 2021 జనవరిలో కొట్టివేసింది. కాబట్టి చట్టం దృష్టిలో శిక్ష ఈనాటికీ నిలిచే ఉంది.

మరి లిబియా స్వయంగా ఒప్పుకుంది కదా అంటారు. 2003 ఆగస్టులో భద్రతా మండలికి రాసిన లేఖలో, తన అధికారుల చర్యలకు బాధ్యత వహిస్తున్నామని లిబియా పేర్కొంది. ఆ వాక్యాన్ని ఎంత జాగ్రత్తగా కూర్చారో చూడండి. మేమే చేయించామని అందులో ఎక్కడా లేదు. దానితోపాటు 270 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఒక్కో మృతుడికి కోటి డాలర్లు. అందులో 40 లక్షలు ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఎత్తివేసినప్పుడు, 40 లక్షలు అమెరికా ఆంక్షలు ఎత్తివేసినప్పుడు, 20 లక్షలు ఉగ్రవాద పోషక దేశాల జాబితా నుంచి లిబియా పేరు తీసివేసినప్పుడు. ఇంత స్పష్టమైన వాయిదాల పట్టిక ఉన్నప్పుడు దాన్ని పశ్చాత్తాపం అనాలో, బేరం అనాలో మీరే చెప్పండి. 2004 ఫిబ్రవరిలో లిబియా ప్రధాని షుక్రీ ఘానెమ్ బీబీసీతో మాట్లాడుతూ, తాము శాంతిని కొనుక్కున్నామన్నారు. మరునాడే ప్రభుత్వం ఆ మాటను వెనక్కి తీసుకుంది.

అమెరికా సైనికులు తరచు వెళ్లే బెర్లిన్ లా బెల్ డిస్కోథెక్ కేసును దీని పక్కన పెట్టి చూడాలి. 1986 ఏప్రిల్ 5న అక్కడ బాంబు పేలింది; ముగ్గురు చనిపోయారు. తిరుగులేని ఆధారాలున్నాయని చెప్పి అమెరికా అధ్యక్షుడు రీగన్ పదిరోజుల్లోనే ట్రిపోలీ, బెంఘాజీల మీద యుద్ధవిమానాలు పంపారు. న్యాయస్థానానికి మాత్రం పదిహేనేళ్లు పట్టింది. 2001 నవంబరులో బెర్లిన్ కోర్టు, దాడిలో లిబియా గూఢచార సంస్థ పాత్ర రుజువైందని, లిబియా పాలకుడు గద్దాఫీ స్వయంగా ఆదేశించారన్నది రుజువు కాలేదని తీర్పు చెప్పింది. తెలిసినదాన్ని, తెలియనిదాన్ని విడదీసి చెప్పిన ఆ తీర్పు నాకు జైస్ట్ తీర్పుకంటే నిజాయతీగా కనిపిస్తుంది.

లాకర్‌బీలో లిబియా ప్రమేయం ఉందనడానికి ఆధారాలు బలమైనవేనని నేను నమ్ముతున్నాను. మెగ్రాహి మీద ఉన్న ఆధారాలు అంత బలమైనవి కావని కూడా నమ్ముతున్నాను. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. కానీ మన న్యాయవ్యవస్థలు రెండోదాని ద్వారా తప్ప మొదటిదాన్ని చేరుకోలేవు.

ఆజ్ఞ ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్లు లేకపోలేదు. 2011 ఫిబ్రవరిలో పదవి వదిలిన లిబియా న్యాయశాఖ మంత్రి ముస్తఫా అబ్దుల్ జలీల్, గద్దాఫీయే ఆదేశించారని ఒక స్వీడన్ పత్రికకు చెప్పారు, ఆధారాలు బయటపెట్టలేదు. 2020 డిసెంబరులో అమెరికా, బాంబు తయారుచేశాడంటూ అబూ అగీలా మసూద్ అనే లిబియన్ మీద అభియోగం మోపింది. ప్రకటించింది అటార్నీ జనరల్ విలియం బార్. 1991లో మొదటి అభియోగాలు ప్రకటించినప్పుడు ఆ బాధ్యతల్లో ఉన్నదీ ఆయనే. 2022 డిసెంబరులో మసూద్ అమెరికా చేతికి చిక్కారు. 2023 ఫిబ్రవరిలో తాను నిర్దోషినని కోర్టులో చెప్పారు. లిబియా గూఢచార సంస్థే ఈ పని చేయించిందనీ, తరువాత గద్దాఫీ తమకు కృతజ్ఞతలు చెప్పారనీ 2012లో లిబియా నిర్బంధంలో ఉండగా ఆయన ఒప్పుకున్నట్టు అమెరికా అధికారులు అంటున్నారు. ఆ వాంగ్మూలం బలవంతపు వాంగ్మూలమని ఆయన న్యాయవాదుల వాదన. దాన్ని సాక్ష్యంగా అనుమతిస్తే, పైనుంచి వచ్చిన ఆజ్ఞ గురించి దాడిలో పాల్గొన్నట్టు చెబుతున్న మనిషి మాటనే ఒక న్యాయస్థానం ఈ కేసులో మొదటిసారి తూకం వేయవలసి వస్తుంది.