పాదానికి కట్టిన తీగ తెంచండి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, ఫస్టియర్ పిల్లలకు నమస్కారం. శాలువా కప్పేశారు కాబట్టి మిగతా మర్యాదలు వదిలేద్దాం. ‘అనాటమీ ఎందుకు చదవాలి’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. మాట్లాడదామనే వచ్చాను. కానీ ఇందాక మీ మ్యూజియంలో తీగతో గుచ్చి కట్టిన పాదాన్ని చూశాక నా మనసంతా దాని మీదే ఉంది.

పాదంలో 26 ఎముకలు. తీగకు గుచ్చితే వాటి వరస తెలుస్తుంది, నిజమే. కానీ ఏది కుడి, ఏది ఎడమ అన్నది తీగే చెప్పేస్తుంటే మీరు చెప్పడానికి ఏం మిగిలింది? వైవాలో, అంటే నోటి పరీక్షలో, విడి టేలస్ (చీలమండ కీలులో ఉండే పాదం ఎముక) చేతికిస్తే పిల్లలు దాన్ని అటూ ఇటూ తిప్పి నా మొహం చూస్తారు. నా మొహం మీద ఏముంటుంది నాయనా, ఎముక చూడు!

ఇదిగో టేలస్. గుండ్రటి తల ముందుకు, కప్పీలాంటి నున్నటి భాగం పైకి పెట్టండి. ఇప్పుడు రెండు పక్కలా చూడండి. ఒక పక్క కామా ఆకారంలో చిన్న నునుపు ఉంటుంది, అది లోపలి వైపు. రెండో పక్కన పెద్ద త్రికోణం, అక్కడ ఫిబులా, అంటే పిక్కలో బయటి వైపుండే సన్నటి ఎముక, ఆనుతుంది, అది బయటి వైపు. త్రికోణం మీ కుడికి వస్తే అది కుడి ఎముక. అంతే.

దీనివల్ల ఒరిగేదేమిటి అంటారా? ఒకసారి పోలీసులు గోతంలో ఎముకలు తెచ్చారు. టేలస్‌లు రెండు, సైజు దాదాపు ఒకటే. పరీక్ష చేసినాయన ఒక జత అనుకుని ‘వ్యక్తి ఒకరే’ అని రిపోర్టు సిద్ధం చేశాడు. నేను రెంటినీ పక్కపక్కన పెట్టాను. రెండు త్రికోణాలూ కుడికే ఉన్నాయి! ఏ మనిషికీ రెండు కుడి పాదాలుండవు కదా. ఇంకో మనిషి లెక్కలోకి రాకుండా పోయేవాడు. ఆ పరీక్ష చేసినాయన కూడా పాదం ఎముకలు తీగ మీదే నేర్చుకున్నాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం తగ్గదు.

1935లో స్కాట్లండ్‌లోని మాఫట్ దగ్గర ముక్కలుగా దొరికిన రెండు శవాలను అనాటమీ ప్రొఫెసర్ బ్రాష్, ఫోరెన్సిక్ నిపుణుడు గ్లేస్టర్ బృందం విడదీసి కూర్చింది. ఎడమ పాదాలకు అచ్చులు పోసి, కనిపించకుండా పోయిన ఇద్దరు స్త్రీల చెప్పుల్లో పెట్టి చూశారు. సరిపోయాయి. హంతకుడు బక్ రక్స్‌టన్ కూడా డాక్టరే.

వెనక బెంచీ వాళ్లూ, ఫోన్లు పక్కన పెట్టి చెప్పులు విప్పండి. నవ్వకండి, నిజంగానే. పాదం బయటి అంచు మధ్యలో తడమండి. బుడిపె తగిలిందా? అది ఐదో మెటాటార్సల్, అంటే చిటికెన వేలి వెనకుండే పొడవాటి ఎముక, దాని మొదలు. విడి ఎముకలో కూడా అది చిటికెన వేలి వైపే పొడుచుకుని ఉంటుంది. ఇప్పుడు లోపలి చీలమండ కింద, బొటనవేలి వెడల్పంత దూరంలో నొక్కండి. గట్టిగా తగిలేది మడమ ఎముకకున్న అరుగు. టేలస్ కొంత దాని మీదే ఆనుతుంది. విడి మడమ ఎముక ఇస్తే గరుకు చివర వెనక్కి పెట్టి ఆ అరుగు వెతకండి. అరుగున్నదే లోపలి వైపు.

పాదం మధ్యలో చీలల్లా ఉండే చిన్న ఎముకలు, క్యూనిఫార్మ్‌లు, ఈరోజు వదిలేస్తున్నా, అవి కాస్త విసిగిస్తాయి.

ప్రిన్సిపాల్ గారూ, కొత్త మోడళ్లకు బడ్జెట్ అడగడం లేదు. ఒక కటింగ్ ప్లయర్ తెప్పించండి. అన్ని పాదాలకూ కాదు, ఒక్కదానికి తీగ తెంచి ఎముకలు ట్రేలో పోయించండి. ఆ ట్రే మ్యూజియం అద్దాల వెనక వద్దు, రీడింగ్ రూమ్‌లో పెట్టించండి.