చెప్పుకునే చోటు

శ్రోతలకు నమస్కారం.

పాతికేళ్ల కిందట తిరుపతిలో మా వెనక వీధిలో ఒక అమ్మాయి ఉండేది. ఒక సాయంత్రం మా అవ్వ ఆమెను వెంటబెట్టుకొని పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. భర్త కొట్టిన దెబ్బకు ఆ అమ్మాయి కింది పెదవి చిట్లి, వాచిపోయి ఉంది. అరగంట కూడా కాకముందే ఇద్దరూ తిరిగొచ్చేశారు. "ఏమైందవ్వా?" అని అడిగాను. "లోపలంతా మగోళ్లే. ఆ బిడ్డ నోరు తెరిస్తే గదా!" అంది.

ఈ రోజు నేను లైబీరియా గురించి మాట్లాడాలని వచ్చాను. పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం ఒడ్డునున్న చిన్న దేశం. అవ్వ మాట ముందు ఎందుకు చెప్పానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

1989 నుంచి 2003 దాకా, మధ్యలో కొద్దికాలం తప్పితే, ఆ దేశంలో అంతర్యుద్ధమే. రెండున్నర లక్షల మంది పోయారని అంచనా. కారణాల్లోకి వెళితే మనకున్న సమయం చాలదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలకు లెక్కాపత్రం లేదు. తుపాకీ ఉన్నవాడు వచ్చాడంటే, వాడు ఏ పక్షం వాడైనా, ఇల్లు వదిలి అడవిలోకి పరుగే.

ఆ యుద్ధాన్ని ఆపడంలో ఆడవాళ్ల చెయ్యి పెద్దది. 2003లో రాజధాని మన్రోవియాలో చేపల బజారు పక్కనున్న మైదానంలో తెల్లబట్టలు కట్టుకొని కూర్చున్నారు. క్రైస్తవులూ, ముస్లింలూ కలిసే కూర్చున్నారు. ఎండకూ కూర్చున్నారు, వానకూ కూర్చున్నారు. వాళ్లను నడిపించిన లేమా బోవీకి తర్వాత 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఘనాలో చర్చలు సాగుతూ ఉంటే, హాలు తలుపుల ముందు చేయీ చేయీ పట్టుకొని అడ్డంగా కూర్చున్నారు. ఒప్పందం కుదరనిదే ఎవరినీ బయటికి పోనివ్వం అన్నారు. ఆ ఆగస్టు 18న సంతకాలు అయ్యాయి.

సంతకాలతో పని అయిపోతుందని మనం అనుకుంటాం. పేపర్లో వార్త వస్తుంది, చదివి మడిచి పెట్టేస్తాం. అసలు పని మర్నాడు మొదలవుతుంది.

మొదటి పని తుపాకులు తీసుకోవడం. ఐక్యరాజ్యసమితి దళాలు ఆ డిసెంబరులో మన్రోవియా బయట ఒక శిబిరం తెరిచాయి. తుపాకీ అప్పగిస్తే డబ్బు ఇస్తాం, పని నేర్పిస్తాం అన్నారు. వెయ్యి మంది దాకా వస్తారనుకుంటే వేలకు వేలు వచ్చిపడ్డారు. డబ్బు ఇప్పుడే ఇమ్మని గొడవ చేశారు, గాల్లోకి కాల్పులు జరిపారు, కొందరు చనిపోయారు కూడా. కార్యక్రమం ఆపేసి, మళ్లీ ఏప్రిల్‌లో జాగ్రత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. చివరికి పేరు రాయించుకున్నవాళ్లు లక్ష మందికి పైనే. వచ్చిన తుపాకులు మాత్రం 28 వేల చిల్లర. పేరు రాయించుకున్న ఆ లక్ష మందిలో పది వేలకు పైగా పిల్లలు. మళ్లీ చెబుతున్నాను, పది వేలకు పైగా పిల్లలు. మన దగ్గర ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే వయసు వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ మాట దగ్గరికొచ్చేసరికి నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది.

సరే, తుపాకులు తీసుకున్నారు. మరి ఊళ్లో ఏదైనా జరిగితే జనం ఎవరి దగ్గరికి పోవాలి? పాత పోలీసులంటే హడలు. యుద్ధంలో వాళ్లూ ఒక పక్షమే కదా. కొత్తగా ఏర్పాటు చేస్తున్న పోలీసుల్లో ఎక్కువమందికి ఆయుధాలే లేవు. ఇక ఆడవాళ్లు, వాళ్ల గోడు ఎవరితో చెప్పుకోవాలి?

ఇక్కడే మన దేశం కథలోకి వస్తుంది. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది.

2007 జనవరిలో భారతదేశం నుంచి సీఆర్పీఎఫ్ మహిళా పోలీసులు మన్రోవియాలో దిగారు. నూరుమందికి పైగా ఆడవాళ్లు. వాళ్ల కమాండర్ సీమా ధుండియా. ఐక్యరాజ్యసమితి చరిత్రలో అంతా మహిళలతో ఏర్పడిన మొట్టమొదటి పోలీసు దళం అదే. వంటకూ, బండ్లకూ సాయంగా కొద్దిమంది మగవాళ్లు ఉండేవాళ్లు. తుపాకీ పట్టి వీధిలో నిలబడింది మాత్రం ఆడవాళ్లే.

ఏం చేసేవాళ్లంటే, అధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా. ఎలెన్ జాన్సన్ సర్‌లీఫ్, ఆఫ్రికాలో ఎన్నికల్లో గెలిచి దేశాధినేత అయిన మొదటి మహిళ, ఆమె గుమ్మం దగ్గర మన ఆడపిల్లలు. ఎక్కడైనా అల్లరి మూకలు చేరితే అదుపు చేయడం. చీకటి పడితే లైబీరియా పోలీసులతో కలిసి గస్తీ. కరెంటు సరిగ్గా లేని ఊరు అది. ఊహించండి. ఏళ్ల తరబడి బూట్ల చప్పుడు వినబడితే పిల్లల్ని లాక్కొని దాక్కున్న తల్లి, ఇప్పుడు తలుపు సందులోంచి చూస్తుంది. బూట్లు ఉన్నాయి, తుపాకీ ఉంది. టోపీ కింద మాత్రం వెనక్కి ముడేసిన జుట్టు.

పగటిపూట బడిపిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు. ఎవరైనా మీద చెయ్యి వేస్తే ఎలా విడిపించుకోవాలో ఆడపిల్లలకు నేర్పేవాళ్లు. మన నాట్యం కూడా నేర్పారు. ఇది ఉద్యోగంలో లేని పని. ఇంటి దగ్గర తమ పిల్లల్ని వదిలిపెట్టి వచ్చిన తల్లులు వాళ్లలో చాలామంది ఉన్నారు. పరాయి పిల్లల చెయ్యి పట్టుకొని అడుగులు వేయించారంటే, నాకు అది కూడా డ్యూటీలో భాగంగానే కనబడుతుంది.

ఏడాదికో బృందం చొప్పున 2016 దాకా తొమ్మిదేళ్లు ఉన్నారు. ఒక బృందం వెళ్లిపోయే లోపల ఇంకొకటి వచ్చేది. ఆ కాలంలో లైబీరియా భద్రతా విభాగాల్లో ఆడవాళ్లు నూటికి ఆరుగురి నుంచి పదిహేడుగురికి పెరిగారు. అదంతా మనవాళ్ల గొప్పే అనను. అక్కడి ఆడవాళ్ల పట్టుదల ఉంది, 2005లోనే పోలీసు శాఖలో మహిళల, పిల్లల రక్షణ విభాగం పెట్టారు. కానీ రోజూ కళ్లెదుట యూనిఫాంలో ఆడమనిషి కనబడితే, చూసే ఆడపిల్లకు "నేనూ చేరతాను" అనే ఆలోచన రాకుండా ఉంటుందా?

రెండు నెలల కిందట రాత్రి రైలుకు మా అమ్మాయి వస్తే, తీసుకురావడానికి తిరుపతి స్టేషన్‌కు వెళ్లాను. అప్పటికి పదకొండున్నర దాటింది. ప్లాట్‌ఫాం మీద తలనీలాలిచ్చి వచ్చిన కుటుంబాలు దుప్పట్లు పరుచుకొని పడుకున్నాయి. వాళ్ల మధ్య ఒక మహిళా కానిస్టేబుల్ లాఠీ చంకలో పెట్టుకొని, నిద్రపోతున్న పిల్ల మీద జారిన దుప్పటి సరిచేసి వెళ్లింది. నాకు మన్రోవియా వీధులు గుర్తొచ్చాయి. అవ్వ గుర్తొచ్చింది.

అందుకే ముగించే ముందు మన ఊరి ఆడవాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. అత్యాచారం, లైంగిక వేధింపు లాంటి నేరాల్లో బాధితురాలు చెప్పే మాటను మహిళా పోలీసు అధికారి గానీ, మరో మహిళా అధికారి గానీ రాసుకోవాలని మన చట్టంలోనే ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు. నేరం వేరే ఊళ్లో జరిగిందని ఏ స్టేషన్ వాళ్లూ మిమ్మల్ని తిప్పి పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. రాసినదాన్ని చదివి వినిపించమని అడగండి, కాపీ ఇవ్వమనండి, దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. మహిళల హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే 112. పెన్ను దగ్గర లేనివాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. 181. 112.

పక్కింట్లో పెదవి చిట్లిన పిల్ల ఉంటే, మా అవ్వలాగా వెంట వెళ్లండి. వెళ్లి, లోపల ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చోండి.

నమస్కారం.