ఎదురింటి వాళ్ల మాత్ర మా అబ్బాయికి పనికొస్తుందా?

వ్యాఖ్యాత: చెన్నై తెలుగు శ్రోతలకు నమస్కారం. ఈ రోజు పేగుపూత గురించి మాట్లాడుకుంటున్నాం. జీర్ణకోశ వైద్యులు మనతో ఉన్నారు. విల్లివాక్కం నుంచి ఫోను. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా అబ్బాయికి 24 ఏళ్లు, సిరుసేరిలో ఉద్యోగం. నాలుగు నెలలుగా విరేచనంలో రక్తం, బంక. మొలలే అనుకుని కంద కూర, మజ్జిగ పెడుతూ వచ్చాను. ఇప్పుడు కొలనోస్కోపీ, అదే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపే పరీక్ష, చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. ఎదురింటి అమ్మాయికి క్రోన్స్ అట. రెండూ పేగుపూతే కదా, ఆమె వాడే మాత్రలే తెప్పించమంటారా?

డాక్టర్: వద్దమ్మా. ఇంటిపేరు ఒకటే కానీ మనుషులు వేరు. కొలైటిస్ పెద్దపేగు దాటి రాదు. మలాశయం దగ్గర మొదలై, గోడకు చెమ్మ ఎక్కినట్టు, మధ్యలో ఖాళీ లేకుండా పైకి పాకుతుంది. పుండు పడేది లోపలి పొరకే. అందుకే రక్తం, మాటిమాటికీ పరుగు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు చివర. ఒకచోట పుండు, కాస్త దూరం శుభ్రం, మళ్లీ పుండు. పేగు గోడ మందమంతా తొలిచేస్తుంది కాబట్టి పేగు సన్నబడి అడ్డుపడటం, భగందరం (మలద్వారం పక్కన చీము కారే దారి పడటం) లాంటివి అందులోనే ఎక్కువ.

శ్రోత: అంటే మందులూ వేరేనా?

డాక్టర్: కొన్ని రెండింటికీ వాడతాం. కానీ మెసలమిన్ అనే మందు కొలైటిస్ మరీ ముదరనప్పుడు బాగా పనిచేస్తుంది, క్రోన్స్‌లో దాని ప్రయోజనం తక్కువ. ఆపరేషన్ సంగతీ అంతే. పెద్దపేగు, మలాశయం పూర్తిగా తీసేస్తే కొలైటిస్‌కు మళ్లీ చోటుండదు. క్రోన్స్‌లో చెడిన ముక్క తీసినా మరోచోట తలెత్తవచ్చు. ఒక్క మాట, రక్తం ఆగింది కదా అని మందు మీరే ఆపేయకండి.

శ్రోత: మా ఇంట్లో ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. అదే చేసిందా డాక్టర్ గారూ?

డాక్టర్: (నవ్వుతూ) ఆవకాయ మీద నేరం మోపకండి. శరీర రక్షణ వ్యవస్థే దారి తప్పి పేగు మీద పడుతోంది. జబ్బు రేగినప్పుడు కారం తగ్గించండి, నెమ్మదించాక పడితే తిననివ్వండి. ఒళ్లునొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం అడగకుండా వేయకండి.

వ్యాఖ్యాత: పెరంబూర్ నుంచి మరొకరు.

రెండో శ్రోత: మా తమ్ముడికి కుడివైపు పొత్తికడుపు నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గాడు. ఒక ఆసుపత్రిలో క్రోన్స్ అన్నారు, ఇంకోచోట టీబీ మందులు మొదలుపెట్టారు. ఎవరిది తప్పండీ?

డాక్టర్: ఎవరిదీ కాకపోవచ్చు. పేగు టీబీ కూడా చిన్నపేగు చివరే కూర్చుంటుంది. ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి తేలదు. టీబీ ఉండగా క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. మన దేశంలో ముందు దాన్నే అనుమానించడం మంచిది. టీబీ మందులు వాడి రెండు మూడు నెలలయ్యాక మళ్లీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయా లేదా చూస్తారు, ఆ పరీక్ష ఎగ్గొట్టనివ్వకండి. సిగరెట్ అలవాటుందా?

రెండో శ్రోత: ఉందండీ.

డాక్టర్: క్రోన్స్ అయితే సిగరెట్ దాన్ని ముదరబెడుతుంది. టీబీకీ మంచిది కాదు.

రెండో శ్రోత: వాడు పక్కనే కూర్చుని వింటున్నాడు డాక్టర్ గారూ.

డాక్టర్: అయితే ఫోను ఆయనకే ఇవ్వండి.