షాట్ బ్లాస్టింగ్ మిషన్: అరిగేది బ్లేడు, చూడాల్సింది సెపరేటర్

యాంకర్: నమస్తే అందరికీ. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి షాట్ బ్లాస్టింగ్ మిషన్ మెయింటెనెన్స్. అంటే చిన్న ఉక్కు గుండ్లు, వాటినే షాట్లంటాం, వేగంగా కొట్టి ఇనుము మీది తుప్పు, పొలుసు, ఇసుక వదలగొట్టే మిషన్. కంప్రెసర్ గాలితో, నాజిల్‌తో కొట్టే రకం సంగతి ఇంకోసారి చూద్దాం. ఇవాళ టర్బైన్‌తో, అంటే గిర్రున తిరిగే బ్లేడ్ల చక్రంతో షాట్లు విసిరే మిషన్ వరకే. వస్తువును వేలాడదీసే హ్యాంగర్ టైపైనా, బల్ల మీద పెట్టే టేబుల్ టైపైనా లోపలి సామాను దాదాపు ఒకటే కాబట్టి కలిపే మాట్లాడుకుందాం. అన్నా, షెడ్డు నడిపే ప్రతివాళ్లూ అడిగేదే అడుగుతున్నా. బ్లేడ్లు ఎందుకింత తొందరగా అరిగిపోతున్నాయి?

ఫోర్‌మన్: బ్లేడ్ల సంగతి తర్వాత చూద్దాంలే అబ్బయా. సెపరేటర్ తలుపు ఎప్పుడు తెరిచారో అది ముందు అడుగు. బ్లేడు అరగ్గానే ఇంకో కంపెనీది రేటెక్కువ పెట్టి తెస్తారు. అదీ అరిగిపోతాది. షాట్‌లో కలిసిన ఇసుక, పొలుసు, నుసి ఉండాయే, బ్లేడును తినేసేది అవి. ఫౌండ్రీ కాస్టింగులు కొట్టేచోట షాట్‌లో ఇసుక ఒక శాతం కూడా ఉండకూడదు. అంత మిగిలినా బ్లేడ్లు, వాటి మధ్య ఉండే కిటికీ డబ్బా, అంటే కేజీ, క్యాబిన్ గోడలకు బిగించే లైనర్ ప్లేట్లు అన్నీ ఒకేసారి కరగడం మొదలుపెడతాయి.

యాంకర్: సెపరేటర్ పనేందో కొత్తవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పండి.

ఫోర్‌మన్: కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసుంటావు కదా. చేట పైకెత్తి వడ్లు సన్నగా, సమంగా జారవిడిస్తారు. గాలికి తాలు పక్కకు పోతాది, గట్టి గింజ కాళ్ల దగ్గర పడతాది. సెపరేటర్ చేసేదీ అదే. బకెట్ల బెల్టు, అదే ఎలివేటర్, పైకి తెచ్చిన షాట్ ముందు జల్లెడ దాటాలి. మేకులు, బర్రులు, వెల్డింగ్ ముక్కలు ఆడ ఆగిపోతాయి. తర్వాత ఒక పెదవి మీంచి తెరలాగా కిందికి జారతాది. డస్ట్ కలెక్టర్ లాగే గాలి ఆ తెరలోంచి పోతాది. నుసి ఎగిరిపోతాది, మంచి షాట్ హాపర్‌లో, అంటే నిల్వ తొట్టిలో పడతాది.

యాంకర్: తెర బాగుందని ఎట్లా తెలుస్తుంది?

ఫోర్‌మన్: ఈ చివర నుంచి ఆ చివరిదాకా చీలిక లేకుండా, ఒకే మందంతో పడాలి. సగం వెడల్పులోనే పడిందనుకో, గాలికి ఖాళీగా ఉన్న సగంలోంచి పోవడమే సుఖం. షాట్ ఉన్నవైపు దానికేం పని? ఫ్యాన్ ఫుల్‌గా తిరుగుతానే ఉంటాది, చెరగడం మాత్రం జరగదు. చాలా మిషన్లలో కారణం జల్లెడ ఒకపక్క పూడుకుపోవడమే. కొన్నిట్లో బరువు కట్టిన పెదవి ప్లేటు తుప్పుకు బిగుసుకుపోయి కదలదు. రోజూ షిఫ్టు మొదట్లో జల్లెడ దులపాలి, ప్లేటు చేత్తో ఆడుతోందో లేదో చూడాలి. ఐదు నిమిషాల పని.

యాంకర్: గాలి సరిపోతోందో లేదో తెలిసేదెట్లా?

ఫోర్‌మన్: చెత్త గొట్టం కింద డబ్బా ఉంటాది కదా, దాంట్లో చెయ్యి పెట్టి పిడికెడు తీసి కాగితం మీద పొయ్యి. విరిగిన ముక్కలు, పొలుసు, నుసి ఉంటే సరే. గుండ్రంగా మెరిసే షాట్ కనిపించిందంటే గాలి ఎక్కువైంది, డబ్బులు డబ్బాలోకి పోతున్నాయి. గాలి గొట్టంలో అడ్డుపలక, అదే డ్యాంపర్, కొంచెం మూసెయ్యి. ఇప్పుడు హాపర్ కిందనుంచి పిడికెడు తియ్యి. అరచేతికి నల్లగా దుమ్ము అంటిందంటే గాలి చాలట్లేదు. ఆ గొడవ చాలాసార్లు డస్ట్ కలెక్టర్‌లో ఉంటాది. ఫిల్టర్ పూడుకుంటే గాలి తగ్గతాది, గాలి తగ్గితే నుసి షాట్‌లోనే ఉండిపోతాది, అది బ్లేడును తింటాది. మిషన్‌కు ఒక మూల ఫిల్టరు, ఇంకో మూల బ్లేడు. ఈ రెండిటికీ చుట్టరికం ఉందని ఎవరికీ తట్టదు.

యాంకర్: ఫిల్టర్ పూడుకున్నట్టు మీటర్‌లో ఎంత దగ్గర లెక్క?

ఫోర్‌మన్: కార్ట్రిడ్జి రకం ఫిల్టర్‌కు రెండు పక్కలా గాలి ఒత్తిడి తేడా చూపే మ్యానోమీటర్ 50 నుంచి 100 ఎం.ఎం. నీటిమట్టం మధ్య ఆడుతుంటే మంచిది. 150కి ఎగబాకి, పల్స్ కొట్టినా, అంటే ఫిల్టర్ దుమ్ము దులిపే గాలి దెబ్బ ఇచ్చినా దిగకపోతే కార్ట్రిడ్జి మార్చాల్సిందే. సున్నా దగ్గరే నిలబడిందంటే సంతోషపడొద్దు. ట్యూబు ఊడిందో, ఫిల్టర్ చిరిగిందో. పల్స్‌కు ఇచ్చే గాలి 5, 6 బార్ చాలు, పొడిగా మాత్రం ఉండాలి. మన దగ్గర కంప్రెసర్ ట్యాంకు నుంచి పూటకోసారి నీళ్లు వదలకపోతే ఆ తేమ ఫిల్టర్ మీద దుమ్మును పేడ అలికినట్టు అలికేస్తాది. ఆపైన ఎంత పల్స్ కొట్టినా రాలదు.

యాంకర్: సముద్రపు గాలి సంగతికి తర్వాత వద్దాం. ముందు టర్బైన్ గురించి చెప్పండి.

ఫోర్‌మన్: టర్బైన్ ఆరోగ్యం చెప్పేది అమ్మీటరు. 11 కిలోవాట్ల మోటారు, అంటే 15 హెచ్‌పీది, 415 వోల్టుల మీద ఫుల్ లోడుకు 20, 21 ఆంపియర్లు తీసుకుంటాది. నేమ్‌ప్లేట్ మీద ఉన్నదే లెక్క. షాట్ వాల్వు మూసి ఉత్తగా తిప్పినప్పుడు ఎంత, వాల్వు తెరిచాక ఎంత అని ప్యానెల్ మీద పెయింటుతో రాసిపెట్టాలి. ఆ రెండిటి తేడాయే నువ్వు నిజంగా విసురుతున్న షాట్. 20 రావాల్సింది 14 దగ్గర ఆగిందనుకో, ఆపరేటర్ ఏం చేస్తాడు? 4 నిమిషాలు కొట్టేది 7 నిమిషాలు కొడతాడు. కరెంటు, బ్లేడు, లైనరు అన్నీ ఆ 7 నిమిషాలూ అరగతానే ఉంటాయి.

యాంకర్: ఆంపియర్లు తగ్గాయంటే షాట్ తక్కువైనట్టేనా?

ఫోర్‌మన్: సగం నిజం. హాపర్ ఖాళీ అయినా, వాల్వులో ముద్ద అడ్డుపడినా తగ్గతాది. కానీ షాట్ మరీ ఎక్కువ వదిలినా తగ్గతాది! చక్రం మధ్యలో తిరుగుతూ బ్లేడ్లకు షాట్ అందించే ఇంపెల్లర్ మింగగలిగినదానికన్నా ఎక్కువ వచ్చి పడితే గొంతులో పొలమారతాది. బ్లేడుకు అందేది తగ్గిపోతాది, మిగిలింది కేజీ చుట్టూ ఒలికిపోతాది. తేడా తెలియాలంటే వాల్వు మొత్తం మూసి, మెల్లగా తెరుస్తూ ముల్లు చూడాలి. ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట కిందికి పడిందంటే అదే హద్దు. దానికి కాస్త ఇవతలే వాల్వు స్టాపర్ బిగించు.

యాంకర్: మరి బ్లేడ్లు మార్చడం?

ఫోర్‌మన్: ఎనిమిది ఉంటే ఎనిమిదీ మార్చాలి. ఒకటి పగిలిందని ఒకటే వేస్తే బ్యాలెన్స్ పోయి బేరింగ్ పోతాది. కిరాణా కొట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఒక్కోటి తూచి, బరువు సుద్దతో రాసి, ఎదురెదురుగా కూర్చునే జతల మధ్య తేడా 5 గ్రాములు దాటకుండా చూసుకో. గాడిలో ఇరుక్కున్న షాట్లు గీకి తియ్యకపోతే బ్లేడు పూర్తిగా కూర్చోదు. ఎక్కట్లేదని సుత్తితో మాత్రం కొట్టొద్దు, హై క్రోమ్ పోత అది, గాజులాగా విరిగిపోతాది. ఇంపెల్లర్ బోల్టు పాతది మళ్లీ వాడొద్దు. అన్నీ అయ్యాక కరెంటు ఇవ్వకముందే చేత్తో ఒక చుట్టు తిప్పి, ఇంపెల్లర్ కేజీకి ఎక్కడా రాసుకోవట్లేదని చెవి పెట్టి విను.

యాంకర్: ఈ కంట్రోల్ కేజీ సెట్టింగ్ దగ్గరే చాలామంది తడబడతారు.

ఫోర్‌మన్: కేజీకి ఉన్న కిటికీ ఎక్కడ నిలబెట్టామో దాన్నిబట్టే షాట్ పోయే దిక్కు ఉంటాది. కొంచెం తప్పినా జాబ్ మీద, అంటే శుభ్రం చేసే వస్తువు మీద పడాల్సింది క్యాబిన్ గోడ మీద పడతాది. మాంగనీస్ లైనర్ ఒక్కచోటే గుంట పడి, మిగతాదంతా కొత్తగా ఉంటే ప్లేటును తిట్టొద్దు, కేజీ చూడు.

యాంకర్: సరిచేసే పద్ధతి?

ఫోర్‌మన్: పెయింట్ వేసిన ప్లేటు, మూడు నాలుగు ఎం.ఎం. మందం చాలు, జాబ్ నిలబడే చోటే కట్టు. హ్యాంగర్ తిరగకుండా ఆపు. ఒక్క టర్బైన్ మాత్రమే 20, 30 సెకన్లు కొట్టించు. టర్బైన్ పూర్తిగా నిలిచాక తలుపు తెరిచి వెంటనే చేతి వెనకవైపు ప్లేటుకు ఆనించి వెతుకు. ఒకచోట బాగా వేడిగా తగలతాది. షాట్ దెబ్బ మొత్తం ఆడ పడుతోందన్నమాట. ఆ వేడి మచ్చ జాబ్ మధ్యకు రావాలి. రాకపోతే కేజీ క్లాంపు వదిలి పది ఎం.ఎం. తిప్పు, మళ్లీ పెయింటు, మళ్లీ కొట్టు. టర్బైన్ తిరిగే దిక్కుకు కేజీని తిప్పితే మచ్చ కూడా అదే దిక్కుకు జరుగుతాది. కుదిరాక సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టిపెట్టు, వచ్చేసారి ఈ తిప్పలుండవు. కిటికీ అంచు 12 ఎం.ఎం. దాకా అరిగిపోయిందంటే ఎంత తిప్పినా మచ్చ సాగిపోతానే ఉంటాది. కేజీ మార్చెయ్.

యాంకర్: ఊళ్లో లైన్ పని చేసినప్పుడు ఫేజులు మారితే?

ఫోర్‌మన్: టర్బైన్ వెనక్కి తిరుగుతాది, షాట్ వేరే దిక్కుకు పోతాది. ఫేజులు తారుమారైతే మోటారును తిరగనివ్వని ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టుకోవాలి. దాని ఖరీదు ఒక లైనర్ సెట్టు ముందు ఏమంత కాదు.

యాంకర్: ఎలివేటర్?

ఫోర్‌మన్: బెల్టు సాగితే బిగించాలి, బకెట్ బోల్టులు వారానికోసారి చూడాలి, కింద అడుగు డబ్బా, అదే బూటు, తలుపు తీసి గడ్డలు తియ్యాలి. అంతే. జాం అయ్యేది మాత్రం వరస తప్పినప్పుడే. ముందు డస్ట్ కలెక్టర్, తర్వాత ఎలివేటర్, కింద పడ్డ షాట్‌ను ఎలివేటర్‌కు తోసే స్క్రూ కన్వేయర్, టర్బైన్, అందరికన్నా చివర షాట్ వాల్వు. ఆపేటప్పుడు దీనికి తిరగదిప్పి. ఎలివేటర్ నిలిచిపోయినా టర్బైన్ కొడుతూనే ఉందంటే ఒకటి ఆగితే ఇంకోదాన్ని ఆపే ఇంటర్‌లాక్ వైరును ఎవరో షార్ట్ చేసి ఉంటారు. తలుపు తెరిస్తే మిషన్ ఆపే లిమిట్ స్విచ్‌కు కూడా తీగ చుట్టేస్తుంటారు. టర్బైన్ స్విచ్ ఆపినా కొన్ని నిమిషాలు తిరగతానే ఉంటాది. అప్పుడు తలుపు తీస్తే షాట్ నేరుగా మొహం మీదకే. లోపలికి దిగేవాడు మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకోవాలి.

యాంకర్: ఇప్పుడు మన ఉప్పుగాలి.

ఫోర్‌మన్: మనకు వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లోనే కదా. కృష్ణపట్నం వైపు యార్డుల్లో ప్లేట్లు ఆరుబయటే ఉంటాయి. తడి ప్లేటు లోపలికి పోయిందంటే షాట్ ముద్దకడతాది, వాల్వు పూడుకుంటాది. ముందు ప్లేటు ఆరబెట్టాలి, నూనె మరక ఉంటే థిన్నర్ గుడ్డతో తుడవాలి. షాట్ బస్తాలు నేలమీద పెట్టొద్దు, చెక్క ప్యాలెట్ మీద పెట్టి, విప్పిన బస్తా మూతి కట్టెయ్యాలి.

యాంకర్: షాట్‌లో నూనె చేరిందని ఎట్లా కనిపెట్టడం?

ఫోర్‌మన్: గాజు సీసాలో సగం షాట్ పోసి, మిగతాది నీళ్లతో నింపి, నిమిషం సేపు బాగా కుదిపి పక్కన పెట్టు. ఐదు నిమిషాలయ్యాక పైన నెమలికంఠం రంగు తేలిందంటే నూనె చేరింది. ఆ షాట్‌తో కొట్టిన ప్లేటుకు పెయింట్ పట్టదు. అదే నీళ్లలో కండక్టివిటీ మీటర్ ముంచితే ఉప్పు సంగతి కూడా తెలుస్తాది. కానీ బోరు నీళ్లు వాడొద్దురా నాయనా, మన తీరంలో బోరే ఉప్పు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

యాంకర్: కొట్టాక ప్రైమర్ ఎంతసేపట్లో వెయ్యాలి?

ఫోర్‌మన్: ఎస్‌ఏ 2½ అనే శుభ్రత గ్రేడు దాకా తెల్లగా తీసిన ప్లేటుకు సాధారణంగా 4 గంటల గడువు ఇస్తారు. తేమ 85 శాతం దాటినరోజు అసలు వెయ్యకూడదు. ప్లేటు వేడి మంచు బిందువు, అంటే గాలిలో తేమ నీటిచుక్కలయ్యే వేడి, కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. డిసెంబర్‌లో తెల్లవారుజామున ఇది కుదరదు, పది గంటలకు మొదలుపెట్టుకోండి.

యాంకర్: షాట్ ఏ సైజు, ఎంత కలపాలి?

ఫోర్‌మన్: ఉక్కు స్ట్రక్చర్‌కు ఎస్-330 సైజు మామూలు, దాదాపు గసగసాలంత. ఇంకా మందం పొలుసుంటే ఎస్-390. హాపర్ ముప్పావు వంతు నిండుగా ఉండాలి. రోజూ కొంచెం కొంచెం కలపాలి. నెలకోసారి పది బస్తాలు గుమ్మరిస్తే అంతా పెద్ద గింజే అవుతాది, మూలల్లో శుభ్రం కాదు. పెద్దది పొలుసు పగలగొడతాది, చిన్నది సందుల్లో ఊడుస్తాది, రెండూ కావాలి. ఇంకో మాట. చీమకుర్తి వైపు గ్రానైట్ రాయి కోసే గ్యాంగ్‌సా రంపాల్లో వాడిన స్టీల్ గ్రిట్ చౌకగా వచ్చిందని ఈ మిషన్‌లో పొయ్యొద్దు. సున్నం నీళ్లలో నానిన కోణాల గ్రిట్ అది, రాతిపొడి కూడా ఉంటాది. బ్లేడ్లకు చేటుకాలమే.

యాంకర్: అల్యూమినియం జాబ్ వస్తే?

ఫోర్‌మన్: ఇనుము కొట్టిన మిషన్‌లో వద్దు. తుప్పు దుమ్ము, అల్యూమినియం దుమ్ము ఫిల్టర్‌లో కలిస్తే నిప్పురవ్వ చాలు, ఆర్పలేని మంట లేస్తాది.

యాంకర్: చివరగా, సంక్రాంతికి నాలుగు రోజులు మూసేస్తారు. వెళ్లేముందు ఏం చెయ్యాలి?

ఫోర్‌మన్: వాల్వు మూసి, ఎలివేటర్ బకెట్లు ఖాళీ అయ్యేదాకా తిప్పు. డస్ట్ కలెక్టర్ ఇంకో పదిహేను నిమిషాలు నడిపి, పల్స్ కొట్టించి, కింద హాపర్ దుమ్ము తీసెయ్. దుమ్ము ఉంటే తేమ పీల్చి గడ్డకడతాది. కంప్రెసర్ నీళ్లు వదులు. నేలమీద రాలిన షాట్లు ఊడ్చి జల్లెడ పట్టి తిరిగి పొయ్యి, లేకపోతే పండగ తర్వాత మొదట వచ్చినవాడు గోళీల మీద కాలేసినట్టు జారి పడతాడు. కనుమ అయ్యాక వచ్చి మొదటి జాబ్ పెట్టకముందు పనికిరాని ప్లేటు ఒకటి వేలాడదీసి పది నిమిషాలు కొట్టించు. ఉత్తగా తిప్పితే లైనర్లు అరగతాయి, అందుకే ప్లేటు. ముద్దలు విడిపోయి అమ్మీటర్ ముల్లు ప్యానెల్ మీద రాసుకున్న అంకె దగ్గర నిలబడ్డాక జాబ్ ఎక్కించుకోవచ్చు.