పతకాల వరసను విడదీయకండి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న నాణేల, పతకాల సేకర్తలకు నమస్కారం. పరిచయంలో చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. సమయం తక్కువ. నేరుగా పెట్టె తెరుద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులోనే ఉండిపోయిన పోలిష్ సైనికుడు పోయాక అలమరలో దొరికే పెట్టె అది. అందులో సాధారణంగా ఇటలీలోని కొండ పోరుకు గుర్తుగా ఇచ్చిన మోంటే కాసినో శిలువ, బ్రిటిష్ పతకాలైన ఇటలీ స్టార్, 1939–45 స్టార్, వార్ మెడల్ ఉంటాయి. టోపీకి పెట్టుకున్న గద్ద బిళ్ల, భుజం మీది గుడ్డ ముక్కలు, ఒక చిన్న అట్ట కార్డు కూడా ఉంటాయి. కొందరికి శౌర్య శిలువ, అంటే క్షిష్ వాలెచ్‌నిఖ్ కూడా ఉంటుంది. దాని మీద 1920 అని కనిపించగానే తాత ఆ ఏటి యుద్ధంలో పోరాడాడని రాసేయకండి. ఆ శిలువ మొదలైన ఏడాది అది. రెండో ప్రపంచ యుద్ధంలో వీళ్లకు ఇచ్చిన వాటి మీదా సాధారణంగా అదే ఉంటుంది.

ఇక మోంటే కాసినో శిలువ. 1944 మే 18న పోలిష్ రెండో కోర్ అనే సేనా విభాగం సైనికులు మోంటే కాసినో కొండ మీది మఠం శిథిలాల్లో జెండా ఎగరేశారు. జులై 26న ప్రధాన సేనాని సోస్న్‌కోవ్‌స్కీ ఈ శిలువను నెలకొల్పాడు. టెల్ అవీవ్‌లో చేయించి 48 వేలకు పైగా పంచారు. వెనక్కి తిప్పితే నంబరు ఉంటుంది. ఈ నంబర్లను దళాల వారీగా వరసగా కేటాయించారు. కాబట్టి నంబరు చెబితే దళం తెలుస్తుంది, జాబితాలో వెతికితే మనిషి పేరూ దొరకవచ్చు. శిలువతో పాటు ఇచ్చిన అట్ట కార్డు మీదా అదే నంబరు ఉంటుంది. నంబరు అరిగిపోయినట్టు కనిపిస్తే పొడి రాసి రుద్దకండి. చీకటి గదిలో టార్చిని పక్క నుంచి, దాదాపు బల్ల మట్టానికి దించి వేయండి. అంకెల నీడలు లేస్తాయి.

ఇప్పుడు నా ఫిర్యాదు వినండి. బ్రిటిష్ సైన్యానికి, దాని కింద పోరాడిన పోలిష్ సైనికులకు ఇచ్చిన ఆ స్టార్ల మీద పేరు చెక్కలేదు. పక్కన నంబరున్న శిలువ ఉన్నంత వరకే ఇటలీ స్టార్ ఫలానా మనిషిది. పెద్దకొడుకు శిలువ తీసుకుని, చిన్నవాడు స్టార్ తీసుకుని, కూతురు గద్దను తీసుకున్న రోజున ఆ స్టార్ లక్షల స్టార్లలో ఒకటైపోతుంది. తర్వాత ఎంత డబ్బు పోసినా దాన్ని ఆ మనిషికి తిరిగి అంటించలేం. వేలంలో విడిగా అమ్మితే ఎక్కువ ధర వస్తుందని చెప్పేవారి మాట వినకండి. దయచేసి వినకండి.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ మనుషులకు వేరే గుర్తింపు మిగల్లేదు. ఆ రెండో కోర్‌లోని ఐదో క్రెసోవా డివిజన్‌లో చాలామంది ఊళ్లు యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. 1946 సెప్టెంబరులో వార్సాలోని కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్ల సేనాని ఆండర్స్ పౌరసత్వమే తీసేసింది. అదే ఏడాది జూన్ 8న లండన్ విజయ కవాతులో వాళ్ల సైన్యం నడవలేదు. పిలుపు అందిన కొద్దిమంది వైమానికులు తామూ రామన్నారు. ఊరు లేదు, కవాతు లేదు. పెట్టె ఒక్కటే ఉంది. దాన్నీ ముక్కలు చేస్తామా?

సరే, తోమడం దగ్గరికి వస్తాను. చింతపండు వద్దు, ఇత్తడి సామాను తోమే పొడి వద్దు. కంచు మీది గోధుమ రంగు పొర మురికి కాదు. అదే లోహాన్ని కాపాడుతుంది. పులుపు ఆ పొరను తినేస్తుంది, అక్షరాల అంచులు అరుగుతాయి, సందుల్లో మిగిలిన పొడి చెమ్మను పట్టి పచ్చ చిలుముకు దారి తీస్తుంది. మెత్తని పీవీసీ కవర్లూ అంతే. వాటి నుంచి ఊరే రసాయనం లోహాన్ని జిగటగా, పచ్చగా మారుస్తుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టండి. కార్డుకు ల్యామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అంటించకండి. రిబ్బన్ ఉతికితే ఇటలీ స్టార్ ఎరుపు పక్కనున్న తెలుపులోకి దిగుతుంది. రిబ్బన్ చివికిపోతే కొత్తది వేయండి, కానీ పాతదాన్ని కవరులో పెట్టి అదే డబ్బాలో ఉంచండి.

వివరాలు వెతికేవారు లండన్‌లోని సికోర్స్కీ మ్యూజియానికి నంబరు, పుట్టిన తేదీ, పేరు పోలిష్ అక్షరాలతో సహా రాయాలి. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు పేరు మార్చుకుని ఉంటే, అక్కడి ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్ ప్రకటనలు చూడండి.

ఇది మనకు దూరపు సంగతి అనుకోకండి. 1944 మేలో మోంటే కాసినో దగ్గర పోలిష్ ట్యాంకులు ఎక్కిన కావెండిష్ రోడ్డు అనే కొండదారి పనిలో 4వ ఇండియన్ డివిజన్ ఇంజనీర్ల చెమట ఉంది. ఆ డివిజన్‌లో మద్రాస్ శాపర్లు, అంటే ఇంజనీరు సైనికులు ఉన్నారు. ఇటలీలో పోరాడిన మనవాళ్లకూ ఇదే ఇటలీ స్టార్ వచ్చింది. మీ ఇంట్లో అదుంటే పక్కనున్న పే-బుక్కు (సైనికుడి జీతం పుస్తకం), ఉత్తరాలు, బ్యాడ్జీలు విడదీయక ముందే అన్నిటినీ ఒకే బల్ల మీద పరచండి. స్కేలు పక్కన పెట్టి, రెండు వైపులా ఫొటో తీయండి. ఎవరివో పెన్సిలుతో రాసి డబ్బాలో పెట్టండి.