బందరులో ఖైరున్నీసా

అందరికీ నమస్కారం.

కోఠీ ఉమెన్స్ కాలేజీలో స్తంభాల మేడ మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది, అంటే నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రెసిడెంటు నివాసం. దాన్ని కట్టించిన రెసిడెంటు జేమ్స్ కర్క్‌పాట్రిక్‌కీ, ఖైరున్నీసా బేగానికీ నడిచిన ప్రేమను హైదరాబాదులో మురిపెంగా చెప్పుకుంటారు. పరదా దాటలేని భార్య కోసం ఆ మేడ నమూనాను చిన్నగా తోటలో కట్టించాడంటారు. కథ అక్కడితో ఆపేస్తారు. బందరులో నిలబడి నేను అలా ఆపలేను.

ప్రేమ అబద్ధమని నేననను. కానీ మొదలైనప్పుడు ఆమెకి 14 ఏళ్లు అటూ ఇటూ. అతనికి 35. అతను నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, 1798లో అక్కడి ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించినవాడు. ఒక రాత్రి ఆమె తన దగ్గరికి వచ్చిందనీ, వద్దని నచ్చజెప్పినా వినలేదనీ అన్న విలియంకి ఉత్తరంలో దాచకుండా రాసుకున్నాడు. ఆ మనసు విప్పడం నన్ను కదిలిస్తుంది, ఆ వెంటనే దిగులూ వేస్తుంది. ఆ రాత్రి ఆ పిల్ల ఏమందో కూడా మనకి అతని ఇంగ్లీషులోనే దొరుకుతుంది. ఆమె వైపు నుంచి ఆ రాత్రిని చెప్పే ఉత్తరం నా కంటపడలేదు.

1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి మూడు. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అయింది. ఆ తల్లి మళ్లీ వాళ్లని చూడలేదు. అదే ఏడు అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు.

భర్త సమాధి చూసుకోడానికి ఆమె అంతదూరం వెళ్లింది. అతని కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ అక్కడ ఆమెకి దగ్గరయ్యాడు. తిరుగు ప్రయాణంలో ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వలేదు. నిజాం ప్రధాని, ఆమెకి బంధువే అయిన మీర్ ఆలం అడ్డుపడ్డాడు. అప్పుడొచ్చింది మన ఊరికి. రస్సెల్ మద్రాసు వెళ్లి తెల్లదొరసానిని పెళ్లాడాడు. ఈ సముద్రపుగాలిలో ఆమె ఎవరి కోసం ఎదురుచూసిందో! బందరుకోట వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

చివరికి హైదరాబాదు చేరి, 1813లో, 27 ఏళ్లకే కన్నుమూసింది. అప్పటికి రస్సెలే అక్కడ రెసిడెంటు.

1841 ప్రాంతంలో అమ్మమ్మ షరఫున్నీసాకి, ఇంగ్లండులో కిట్టీగా పెరిగిన మనవరాలు కేథరిన్‌కి మధ్య ఉత్తరాలు నడిచాయి. ఒకదానితో పాటు అమ్మమ్మ ఖైరున్నీసా జుట్టు పాయ పంపింది. అప్పటికి కిట్టీ తల్లిని విడిచి 36 ఏళ్లు.