కొన్న కారు మీటర్ తిప్పేశారని తెలిస్తే ఏం చేయాలి?

(తెర మీద: డాష్‌బోర్డ్ క్లోజప్, రీడింగ్ 58,000. పక్కన పాత సర్వీస్ బిల్లు, దాని మీద 1,12,000.)

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. మీటర్‌లో 58,000 కిలోమీటర్లు ఉంది. కొన్నాళ్లకు గ్లవ్ బాక్స్‌లో ఒక పాత సర్వీస్ బిల్లు దొరికింది. అది మీరు కొనడానికి రెండేళ్ల ముందుది. అందులో రీడింగ్ 1,12,000.

ఒళ్లు మండుతుంది. అమ్మిన వ్యక్తికి వెంటనే ఫోన్ చేసి నిలదీయాలనిపిస్తుంది. దయచేసి ఆ ఫోన్ ఇప్పుడే చేయకండి. మీ చేతిలో ఒక్క బిల్లే ఉంటే, "బిల్లులో అంకె తప్పు పడిందండీ" అని తేల్చేస్తారు. మీకు అనుమానం వచ్చిందని తెలిశాక పాత ప్రకటన మాయమవుతుంది, చాట్ మెసేజ్‌లు చెరిపేస్తారు. అందుకే ముందు ఆ ప్రకటనకు, మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్‌లు తీయండి. "తక్కువ తిరిగిన బండి" అని వాళ్లు రాసిన ప్రతి మాటా రేపు మీకు పనికొస్తుంది. అమ్మకం కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఇప్పటి మీటర్ ఫోటో కూడా ఒకచోట పెట్టండి.

తర్వాత, ఇది నిజంగా మోసమేనా అని మనకు మనమే తేల్చుకోవాలి. మీటర్ పాడైతే మొత్తం క్లస్టర్ (డాష్‌బోర్డ్‌లో మీటర్లన్నీ ఉండే భాగం) మార్చేస్తారు, అప్పుడు రీడింగ్ మారే అవకాశం ఉంది. అలా మార్చినట్టు బిల్లు ఉండాలి. వేరే దేశం నుంచి వచ్చిన బండి అయితే మైళ్లను కిలోమీటర్లుగా చదివి ఉండొచ్చు. ఒక మైలు అంటే దాదాపు 1.6 కిలోమీటర్లు. రెండు రీడింగ్‌ల మధ్య తేడా సరిగ్గా ఆ నిష్పత్తిలో ఉంటే కాస్త ఆలోచించండి.

(తెర మీద: ఎడమవైపు తేదీలు, కుడివైపు కిలోమీటర్లు. వరుసలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.)

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకుని ఒకవైపు తేదీ, ఒకవైపు కిలోమీటర్లు రాయండి. సర్వీస్ సెంటర్‌లో రికార్డు, ఫిట్‌నెస్ తనిఖీ రిపోర్టు, ఇన్సూరెన్స్ సర్వే, ఆయిల్ మార్చినప్పుడు అంటించిన స్టిక్కర్, పాత ఓనర్ దగ్గరి బిల్లులు, ఎక్కడ రీడింగ్ కనిపించినా రాసుకోండి. సర్వీస్ సెంటర్‌కు బండి నంబర్‌తో పాటు ఛాసిస్ నంబర్ కూడా ఇవ్వండి. బండి నంబర్ మారినా ఛాసిస్ నంబర్ మారదు. తేదీలు ముందుకు వెళ్తుంటే కిలోమీటర్లు ఎక్కడ వెనక్కి పడ్డాయో ఆ కాగితమే చూపిస్తుంది. ఇంకా ముఖ్యమైన విషయం, ఆ సమయానికి బండి ఎవరి పేరు మీద ఉందో కూడా తెలుస్తుంది. మీకు అమ్మిన వ్యక్తి కూడా మోసపోయి ఉండొచ్చు. ఎవరిని అడగాలో తేల్చేది ఆ ఒక్క తేదీయే.

సీటు నలిగింది, పెడల్ రబ్బరు అరిగింది, స్టీరింగ్ నునుపు తేలింది అని చాలామంది చెబుతారు. అవి అనుమానానికి సరిపోతాయి కానీ రుజువుగా నిలబడవు. నా దృష్టిలో తేదీ ఉన్న కాగితం ఒక్కటి అలాంటి గుర్తులు పదింటి కన్నా బలమైనది.

(తెర మీద: డాష్‌బోర్డ్ కింది పోర్ట్‌లో స్కానర్ పెడుతున్న మెకానిక్.)

మీటర్ తిప్పేవాళ్లు సాధారణంగా డాష్‌బోర్డ్ క్లస్టర్‌లోని మెమొరీ చిప్‌లో అంకె మారుస్తారు. కానీ చాలా కొత్త కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కంప్యూటర్లలో కూడా దూరానికి సంబంధించిన వివరాలు ఉంటాయి. అన్నిటినీ మార్చడం కష్టం, ఏదో ఒకటి మర్చిపోతారు. ఎప్పుడో వచ్చిన ఫాల్ట్ కోడ్ (లోపం వస్తే కారు కంప్యూటర్ దాచుకునే గుర్తు) పక్కన "1,09,000 కి.మీ. దగ్గర" అని నమోదై ఉండొచ్చు. కొన్ని బండ్లలో ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కూడా దొరుకుతుంది. 58,000 కిలోమీటర్లకు 5,800 గంటలు చూపిస్తే, బండి సగటున గంటకు 10 కిలోమీటర్లే వెళ్లిందని అర్థం. ఎంత ట్రాఫిక్‌లో తిరిగినా అది నమ్మేలా లేదు.

ఇవన్నీ మెకానిక్ స్కానర్ పెట్టి చూస్తారు. స్కాన్‌కు ముందే ఆయనకు ఒక మాట గట్టిగా చెప్పండి: ఫాల్ట్ కోడ్‌లు క్లియర్ చేయొద్దు. అలవాటు కొద్దీ చెరిపేస్తారు, వాటితో పాటు మీ ఆధారమూ పోతుంది. స్కాన్ రిపోర్టు మీద తేదీ, ఛాసిస్ నంబర్, సంతకం ఉండాలి.

ఇక అడిగే వేళ. ఫోన్‌లో మాట్లాడినా, అసలు విషయం రాతపూర్వకంగానే పంపండి. ఏ తేదీన ఏ రీడింగ్ చెప్పి అమ్మారు, రికార్డుల్లో ఏముంది, మీకేం కావాలి, ఎప్పటిలోగా కావాలి, ఈ నాలుగూ చాలు. తిట్లు, బెదిరింపులు వద్దు. బండి వెనక్కి ఇచ్చి పూర్తి డబ్బు అడగాలా, ధరలో తేడా మాత్రమే అడగాలా అన్నది ముందే ఆలోచించుకోండి. పూర్తి డబ్బు కావాలంటే బండిని వీలైనంత తక్కువ వాడండి. తెలిశాక కూడా నెలల తరబడి తిప్పితే మీ వాదన బలహీనపడుతుంది. కొంత డబ్బు ఇస్తామని "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే కాగితం పెడితే, సొమ్ము ఖాతాలో పడకముందు సంతకం చేయకండి. బండి మీద లోన్ ఉంటే గొడవ నడుస్తున్నా వాయిదాలు ఆపకండి, ఆ బాకీ మీ పేరు మీదే ఉంటుంది.

జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదుకు, లాయర్ దగ్గరికి వెళ్లాలి. చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో మోసం చేసే ఉద్దేశం రుజువైతే నష్టానికి మూడు రెట్లు రాబట్టుకునే వీలుంది. బెల్జియంలో 2006 నుంచి పాత రీడింగ్‌లన్నీ ఉన్న పత్రం ఇవ్వకుండా కారు అమ్మకూడదు. గడువులు మాత్రం దాదాపు అన్ని చోట్లా ఉంటాయి, ఆలస్యం చేయకండి.

ఈ గొడవలో బండి ఆరోగ్యం మర్చిపోకండి. నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. 1,00,000 కిలోమీటర్లకు మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానితో ఒకటి కుదిరేలా నడిపించే బెల్ట్), మీటర్ ప్రకారం ఇంకా చాలా దూరం పోతుందనిపిస్తుంది. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఢీకొని పాడవుతాయి, బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. బెల్ట్, బ్రేకులు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ ఆయిల్ అన్నీ అసలు కిలోమీటర్ల లెక్కన చూపించండి. ముందు తనిఖీ రిపోర్టు, తర్వాతే రిపేరు. తీసిన పార్టులు, బిల్లులు దాచండి, పరిహారం అడిగేటప్పుడు కావాలి.

చివరికి ఏమీ తేలక బండి అమ్మేయాలనుకుంటే, మీటర్ మీద ఉన్న అంకె చెప్పి ఊరుకోకండి. తెలిసీ దాస్తే ఈసారి మోసం చేసినవాళ్లు మీరవుతారు. అమ్మకం కాగితంలో "మీటర్ రీడింగ్ సరైనది కాదు, రికార్డుల ప్రకారం ఇంతకు మించి తిరిగింది" అని రాసి, మీరు తయారు చేసిన తేదీల కాగితం కాపీ కొనేవారికి ఇచ్చి సంతకం తీసుకోండి.